పురుగుల వాటా

ఆ ఎండాకాలం మా ఇంటిల్లిపాదీ తలలు వంచుకునే తిరిగాం. తప్పు చేసి కాదు, తులసి ఆకుల అడుగున ఏముందో చూసుకుంటూ.

మాది ఐరాల. ఊరి చివర వరదరాజస్వామి గుడి, గుడి వెనక నందవనం, దానికి ఆనుకునే మా ఇల్లు. నందవనం అనగానే రకరకాల పూలుంటాయని అనుకునేరు. అదంతా తులసే. స్వామికి రోజూ తులసిమాల కట్టడం, తీర్థంలోకి దళాలు ఇవ్వడం మా అత్తగారి కైంకర్యం. ఆమె పేరు కోమలవల్లి. ఆ కోమలం పేరు దగ్గరే ఆగిపోయిందని మా ఆయన సంపత్కుమార్ ఆమె వినకుండా అంటుంటాడు. నిజం చెప్పాలంటే ఆమె నన్ను ఏనాడూ ఒక్క మాట అన్నది లేదు. కోపం వస్తే నోరు మూసుకుని తోటలోకి వెళ్ళి కలుపు తీస్తుంది. తోట మరీ శుభ్రంగా ఉందంటే ఇంట్లో ఏదో గొడవ నడుస్తోందని లెక్క.

తులసి కోయడానికి ఆమెకో పద్ధతి ఉంది. పొద్దున్నే తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, ఇత్తడి పళ్ళెం పట్టుకుని వెళుతుంది. కొమ్మను ముందు చెట్టు మీదే వెనక్కి తిప్పి చూస్తుంది. దుమ్మో బూజో ఉంటే తడిగుడ్డతో తుడిచి, పురుగో పుట్రో ఉంటే వేలితో తీసేసి, ఆ తర్వాతే తుంచుతుంది. పురుగు పాకిన ఆకు స్వామి ఒంటి మీదికి పోకూడదు. ఆమె అత్తగారు నేర్పిన పద్ధతి అది. నాకూ నేర్పింది. నేను చిత్తూరులో టీచరుగా పనిచేస్తాను కాబట్టి సెలవుల్లో మాత్రమే ఆ పని చేస్తుంటాను. నేను కోసిన కొమ్మల్ని ఆమె మళ్ళీ ఒకసారి తిప్పి చూస్తుందని నాకు తెలుసు. చూడనట్టు ఉండడం నేను నేర్చుకున్న పద్ధతి.

ఉగాది దాటాక తోటలోకి తెల్లటిదేదో వచ్చింది. ముందు కొమ్మల చివర్లలో ముగ్గుపిండి రాలినట్టు కనిపించింది. చూస్తుండగానే కాడలన్నీ పిండి పూసినట్టు అయిపోయాయి. ఆకులు ముడుచుకుపోయి, ముట్టుకుంటే చేతికి జిగురు అంటుకుంది. ఆ తీపికి చీమలు బారులు కట్టాయి. పిండినల్లి. మా అత్త ఎంత తుడిచినా తెల్లారేసరికి మళ్ళీ అంతే ఉండేది. రోజువారీ మాల బొటనవేలు లావు నుంచి చిటికెనవేలు లావుకు వచ్చేసింది.

గుడి పాలకమండలికి పెద్ద చంద్రకాంతమ్మ. బంగారుపాళ్యం దగ్గర మామిడి తోటలున్న మనిషి, పని జరగాలంటుంది తప్ప మనసులో ఏమీ పెట్టుకోదు. ఆమె వచ్చి తోట చూసి, మా మామిడికి కొట్టే మందే ఒక డబ్బా పంపిస్తానంది. మా అత్త వద్దంది. మందు కొట్టిన ఆకును తీర్థంలో వేసి భక్తుల నోట్లో ఎట్లా పోయమంటావని అడిగింది. 

"అక్కా, నేను దాపరికం లేకుండా చెప్తాండా. కాణిపాకం పోయే బండ్లు మన గుడికాడ గూడా నిలబడతాండాయి. వాటికి జాగా లేదు. జ్యేష్ఠ పున్నమికి స్వామి కల్యాణానికి ఈ తోట మాలే వచ్చిందా, మంచిది. రాలేదా, మాల చిత్తూరులో కొనేస్తాం, ఈడ సిమెంటు పోసి బండ్లు పెట్టిస్తాం. కమిటీలో అందురూ ఆ మాటే అంటాండారు."

కల్యాణం మాల అంటే మామూలు మాల కాదు. స్వామి భుజాల నుంచి పాదాల దాకా రావాలి. ఆ సాయంత్రం తోటలో ఒక్క గడ్డిపరక మిగల్లేదు.

అమల నాకు తిరుపతిలో కాలేజీ స్నేహితురాలు. పంటల్ని తినే పురుగుల్ని తినే పురుగుల్ని పెంచే చోట పనిచేస్తుంది. ఒకప్పుడు ఈ మాట చెప్పి మేమంతా దాన్ని బాగా ఆటపట్టించేవాళ్ళం. ఇప్పుడు అవసరం నాది కాబట్టి ఫోన్ చేసి, ఆ పాత జోకులేవీ గుర్తులేనట్టు మాట్లాడాను. దానికి అన్నీ గుర్తున్నాయి. అయినా బడికి సెలవులిచ్చిన వారంలోనే బస్సెక్కి వచ్చేసింది, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ డబ్బా, డబ్బా మూతికి పల్చటి గుడ్డ.

అక్షింతల పురుగులని చెబితే మా అత్త ఎర్రగా, చుక్కలు చుక్కలుగా ఉండేవి వస్తాయనుకుంది. డబ్బాలో ఉన్నవి మిరియపు గింజలంత ఉన్నాయి, నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు తల. ఆమె మొహంలో నిరాశ కనిపించింది. అవీ ఆ వంశానివేనని, పిండినల్లి అంటే వీటికి పంచభక్ష్యాలని అమల చెప్పింది.

"దేవుడి తోటలోకి పురుగును పట్టుకొచ్చి వదిలేదా?" అంది అత్త.

"పురుగును తినాలంటే పురుగే గదమ్మా రావల్ల. మందు కొడితే రెండూ పోతాయి."

"తింటే హింస గదా?"

అమల చదివిన చదువులో ఈ ప్రశ్న లేదు. ఇంతలో గుడిలో నైవేద్యం ముగించుకుని మా చిన్నమామ శేషసాయి వచ్చాడు. మా మామగారి తమ్ముడు, ఆ గుడి అర్చకుడు. విషయం విని, గరుత్మంతుడు పాముల్ని తినడా వదినా, అయినా స్వామి ఆయన భుజం ఎక్కి తిరగడం లేదా అన్నాడు. దాంతో తీర్పు అయిపోయింది. అత్తే డబ్బా మీది గుడ్డ విప్పింది. నల్లటి పురుగులు ఆమె వేళ్ళ మీదుగా పాకి తులసి కొమ్మల్లోకి వెళ్ళిపోయాయి. కొన్ని రెక్కలు విప్పి గోడ మీదుగా ఎటో ఎగిరిపోయాయి. పోయినవాటి గురించి బెంగపడొద్దని, ఆకలేస్తే వస్తాయని అమల చెప్పింది. చెట్ల మీద ఏమీ చల్లొద్దని, కొన్ని రోజులకు పిల్లలు పుట్టి అవే ఎక్కువ తింటాయని చెప్పి, మా ఇంట్లో చిత్రాన్నం తిని బస్సెక్కింది.

గోడ అవతల ఇల్లు ఖాజాబీది. ఆమె భర్త అజ్మతుల్లాకు చిత్తూరులో కుట్టుమిషన్ల అంగడి. మా స్వామి ఊరేగింపు గొడుగులకు గుడ్డ కుట్టేది ఆయనే. వాళ్ళ పెరట్లో, సరిగ్గా మా గోడ పక్కన, ఒక బొప్పాయి చెట్టు. దానికీ పిండినల్లి పట్టింది. అసలు ఈ పీడ ఆ చెట్టు నుంచే వచ్చిందని మా అత్త నమ్మకం. గోడ దగ్గర నిలబడి ఆ చెట్టు కొట్టించెయ్యమని ఖాజాబీకి చెప్పింది. కాయల మీదున్న చెట్టును కొట్టకూడదని, కాయలు అయిపోగానే తీసేస్తామని ఖాజాబీ మర్యాదగానే బదులిచ్చింది. ఆ పచ్చికాయ ఏ కూరలో ముక్క మెత్తబడడానికి వేస్తారో మా అత్తకు తెలుసు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తరు. ఎత్తకపోవడం వల్లే ఇరుగుపొరుగు ఇన్నాళ్ళు బాగున్నారని నా అభిప్రాయం.

రోజులు గడుస్తున్నాయి. తోట బాగుపడే సూచన లేదు. పైగా ఇంకా పెద్ద తెల్లపురుగులు మొదలయ్యాయని అత్త చెప్పింది. ఒళ్ళంతా దూదిపోగులు వేలాడుతూ, చకచకా పాకుతున్నాయట. పాతవి కదలకుండా ఒకచోట అంటుకుని ఉండేవి, ఇవి కొమ్మ కొమ్మకీ తిరుగుతున్నాయట. ఆమె పద్ధతి మానలేదు. పొద్దున్నే పసుపునీళ్ళ బకెట్ పక్కన పెట్టుకుని, కనిపించినదాన్ని కనిపించినట్టు ఏరి అందులో వేసింది. వద్దనడానికి నాకూ కారణం కనిపించలేదు. ఆ ఓపికను చూసి నేను గర్వపడ్డాను కూడా.

అమల మళ్ళీ వచ్చేసరికి అత్త ఆ బకెట్‌ను చూపించడానికే వాకిట్లో పెట్టుకుంది.

"సూడమ్మా, ఎన్ని ఏరినానో. మీ పురుగులు పనిలోకి దిగేలోగా సగం పని నేనే చేసేసినా."

అమల వంగి చూసింది. ఒకదాన్ని వేలి కొసతో తీసి అరచేతిలో పెట్టుకుని, దూది పక్కకు జరిపింది. లోపల పొడుగు కాళ్ళున్నాయి.

"ఇవి పిండినల్లి కాదమ్మా. మనం వదిలినవాటి పిల్లలు."

అమలే చెప్పుకుపోయింది. ఆ పిల్లపురుగులు తాము తినేవాటి లాగే తెల్లటి వేషం వేసుకుంటాయట. పిండినల్లికి కాపలా కాసే చీమలు కూడా వాటిని పోల్చుకోలేవట. చీమలే మోసపోతే మనమెంత, తప్పు నాదేనమ్మా, పిల్లలు ఎట్లుంటాయో నేనే ముందు చూపించి ఉండాల్సింది అని అత్త చేయి పట్టుకుంది. అత్త చేయి వెనక్కి తీసుకోలేదు, కానీ ఆమె కళ్ళు బకెట్ మీదే ఉన్నాయి.

"వేషం చూసి చంపేసినా," అంది.

ఇంకో డబ్బా ఇప్పుడే దొరకదని అమల చెప్పింది. పెంచినవన్నీ ద్రాక్షతోటలకు వెళ్ళిపోయాయట, మళ్ళీ తయారయ్యేసరికి కల్యాణం దాటిపోతుందట. అది వెళ్ళాక అత్త బకెట్ తీసుకెళ్ళి ఒక తులసి మొదట్లో గుంట తీసి పూడ్చింది. మా ఆయన రాత్రి భోజనం దగ్గర, పోనీలేమ్మా, సిమెంటు పోస్తే దుమ్మన్నా తగ్గుతుందని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోయింది. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆయనకూ తన మీద తనకే కోపం వచ్చినట్టుంది. ఆ తోట పోతే ఆమెకు పొద్దున లేచాక వెళ్ళడానికి చోటు ఉండదని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి వారం ఖాజాబీ గోడ మీదుగా నన్ను పిలిచింది. కాయలన్నీ అయిపోయాయి, ఈ పూట చెట్టు కొట్టేస్తున్నాం, చివరి పండ్లు రెండు మీకని తీసిపెట్టాను, వచ్చి తీసుకెళ్ళమంది. నేను వెళ్ళేసరికి అజ్మతుల్లా లుంగీ ఎగ్గట్టి, మచ్చుకత్తికి పదును చూసుకుంటున్నాడు. బొప్పాయి మాను ఎంతసేపు, రెండు దెబ్బలు.

పండ్లు అందుకుంటూ ఊరికే తలెత్తి ఆకుల అడుగుకు చూశాను. అప్పటికి అది అలవాటైపోయింది కదా. ఆకు అడుగున దూదిపోగులు వేలాడుతూ తెల్లటివి పాకుతున్నాయి. ఈనె మీద మిరియపు గింజంత నల్లటిది, ఇటుకరంగు తల. పక్క ఆకు మీద ఇంకోటి. వాటి పక్కనే పిండినల్లి తినేయగా మిగిలిన పొట్టు. గోడ మీదుగా ఎగిరిపోయినవి ఎక్కడికి పోయాయో అప్పుడు తెలిసింది. ఈ చెట్టును తుడిచేవాళ్ళు, ఏరేవాళ్ళు లేరు. హాయిగా తిని, పిల్లల్ని కన్నాయి.

"అన్నా, ఆపన్నా," అన్నాను. అజ్మతుల్లా ఎత్తిన కత్తి దించి, ఏదో పాముందనుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

ఖాజాబీకి చూపించి సంగతి చెప్పాను. ఆమె ఆ ఆకుకేసి చూసి, మీ అత్తను పిలుచుకురా, నేను చెప్తే నమ్మదు, కళ్ళతో సూడనీ అంది. అత్త వచ్చింది. గోడకు మా తోటవైపు స్టూలు వేసుకుని ఎక్కి, మెడ చాచి చూసింది. నేను ఫోన్లో అమలను అడిగి, అది చెప్పినట్టు చెప్పాను. పురుగుల్ని చేత్తో పట్టకూడదు. ఆకును ముక్కలుగా కోసి, ముక్కతో సహా తులసి కొమ్మల మధ్య పెట్టాలి. ఆకు వాడిపోతుంటే అవే దిగి తులసి మీదికి వెళతాయి. అన్నీ తేకూడదు, సగం చెట్టు మీదే వదలాలి.

ఖాజాబీ ఆకులు కోసి గోడ మీదుగా అందిస్తుంటే, అత్త తులసి కోసే ఇత్తడి పళ్ళెంలోనే వాటిని పట్టింది. రెండు మూడు ఆకులు అయ్యాక ఆమె పళ్ళెం కింద పెట్టి, వెళ్ళి తోట తలుపు గడియ తీసింది.

"గోడ మీంచి ఎంతసేపు ఇస్తావు, లోపలికి రామ్మే ఖాజాబీ."

"స్నానం లేకుండా రారు గదక్కా ఆ తోటలోకి. నేను పొద్దున చేసిందే."

"ఈ పురుగులు ఏ స్నానం చేసి వస్తాండాయి? రా."

ఖాజాబీ చెప్పులు బయట విడిచి, కొంగు నెత్తి మీదికి సర్దుకుని, ఆకుల మోపు రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చింది. ఇద్దరూ వరుస వెంబడి వంగి, ముక్క ముక్కా కొమ్మల్లో పెట్టుకుంటూ పోయారు. ఒక చోట ఖాజాబీ ఒక పిల్లపురుగును చూపించి, దీనికి దూది సరిగా రాలేదక్కా, మా ఆయన కుట్టిన జుబ్బా మాదిరి ఉండాది అంది. బకెట్ పూడ్చిన తర్వాత మా అత్త నవ్వడం అదే మొదలు. గోడ అవతల నుంచి అజ్మతుల్లా, నాకు వినబడతాండాది అన్నాడు.

ఆ తర్వాత తోటలో పద్ధతి మారింది. అత్త తుడవడం మానేసింది. రోజువారీ మాలకు పురుగులేని కొమ్మలు మాత్రమే తుంచేది, అవి ఎంత వస్తే అంత. చీమలు పిండినల్లికి కాపలా కాయకుండా తోట మూల రాతి మీద రోజూ బెల్లంపొడి వేసేది. చీమలు మెల్లగా అటు మళ్ళాయి. ఖాజాబీ మధ్యాహ్నం పని అయిపోగానే వచ్చేది. ఇద్దరూ కొమ్మలు తిప్పి చూస్తూ, ఇది మనది, ఇది పరాయిది అని గుర్తుపట్టడంలో పోటీ పడేవాళ్ళు. కదిలితే మనది, కదలకపోతే పరాయిది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని నేనూ చూస్తుండేదాన్ని. నా సెలవుల్లో అంత నిమ్మళంగా గడిచిన మధ్యాహ్నాలు వేరే లేవు. కాడలు ఒక్కొక్కటే తెలుపు వదిలి ఆకుపచ్చకు తిరిగాయి, కొత్త చిగుళ్ళు వేశాయి. తోట అంతా కాదు. కల్యాణం నాటికి సగానికి పైగా తేరుకుంది, మిగతా సగంలో ఇంకా భోజనాలు నడుస్తున్నాయి.

పున్నమి రోజు పొద్దున్నే అత్తతో పాటు నేనూ పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. గుడి వెనక సందులో అప్పటికే కంకర దించిన లారీ ఒకటి నిలబడి ఉంది. అత్త దాని వైపు చూసి, చూపు తిప్పుకుని కోయడం మొదలుపెట్టింది. బాగుపడిన సగంలో కోత అయిపోయింది. పళ్ళెంలో ఉన్నదానితో మాల పాదాల దాకా రాదని చూస్తేనే తెలుస్తోంది. రెండో సగంలోకి వెళ్ళాం. చిగుళ్ళు బాగానే ఉన్నాయి, కానీ ప్రతి కొమ్మ మీదా తెల్లటి పిల్లో నల్లటి తల్లో ఉంది. అత్త కొమ్మను తిప్పి చూడడం, వదిలేయడం, ఇంకోటి తిప్పి చూడడం, వదిలేయడం. నాకు భయం పట్టుకుంది. కొమ్మను రవ్వంత విదిలిస్తే పురుగు రాలిపోతుంది, ఈ ఒక్క రోజుకే కదా అన్నాను.

"రాలితే చీమలు ఎత్తుకపోతాయి," అంది.

"మాల చాలదు అత్తా."

"చాలదు," అని ఒప్పుకుంది. వేళ్ళతో పట్టుకున్న కొమ్మను మెల్లగా వదిలి, పళ్ళెం నా చేతి నుంచి తీసుకుని ఇంటికి నడిచింది.

అరటినారతో మాల కట్టింది. ఎంత పల్చగా కడితే పొడుగు వస్తుందో చూడలేదు, ఎప్పటిలాగే ఒత్తుగా కట్టింది. గుడికి వెళ్ళేసరికి మంటపం నిండా జనం. ఒక పక్క వెదురుబుట్టలో చిత్తూరు నుంచి తెప్పించిన మాల, నిగనిగలాడుతూ, చుట్టలు చుట్టలుగా. చంద్రకాంతమ్మ మాట మీద నిలబడే మనిషి, ముందుజాగ్రత్తగా చెప్పినట్టే తెప్పించింది. మా అత్త పళ్ళెంలో మాల చూసి ఆమె దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఇది మోకాళ్ళ దాకే వచ్చేట్టు ఉండాది."

"ఔను తల్లీ. తోటలో పనిచేసినవాళ్ళకు వాళ్ళ వాటా ఇడిసిపెట్టి వచ్చినా. మిగిలింది ఇది. పెడతావో, తీసేస్తావో నీ ఇష్టం."

గర్భగుడి గడప దగ్గర శేషసాయి మామ రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు, ఏ మాల ఇస్తే అది తీసుకుంటానన్నట్టు. ఆయన కళ్ళు మాత్రం ఇత్తడి పళ్ళెం మీదున్నాయి. చంద్రకాంతమ్మే పళ్ళెం అందుకుని ఆయన చేతికి ఇచ్చింది. మాల స్వామి మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. కింద పాదాలు, పసుపు పట్టు పంచె అంచు తేటగా కనిపించాయి. కల్యాణం జరిగిపోయింది.

తీర్థం ఇస్తున్నప్పుడు చంద్రకాంతమ్మ నా ముందు నిలబడి ఉంది. తీర్థం పుచ్చుకుని, దళం నోట్లో వేసుకుని నమిలింది. మామూలుగా అందరం మింగేస్తాం. ఆమె మందు తగలని ఆకు రుచి చూస్తున్నట్టు నిలబడి నమిలింది. తర్వాత మళ్ళీ చేయి చాచి ఇంకో దళం అడిగి పుచ్చుకుంది. పక్కకు వెళ్ళి గుమాస్తాను పిలిచి, లారీవాడిని ఆ కంకర ఎత్తుకుని పొమ్మని చెప్పమంది. ఎక్కడికని అతను అడిగితే, యాడికన్నా పొమ్మను అంది.

మా అత్త ఆ మాట విన్నదో లేదో తెలియదు. స్తంభానికి ఆనుకుని కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటోంది. చంద్రకాంతమ్మ వెళ్ళి ఆమె ముందు వంగింది.

"వచ్చే ఏడు పాదాల కాడికి రావల్ల అక్కా."

అత్త తల ఊపింది. అంతే. నాకు మాత్రం ఆ "వచ్చే ఏడు" అన్న మాట చెవిన పడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వామికి దండం పెట్టాను. నా పాత జోకులన్నీ క్షమించి బస్సెక్కి వచ్చిన అమలకు పెట్టాను. చెట్టు కొట్టకుండా ఒక నెల ఓపిక పట్టిన ఖాజాబీకి పెట్టాను. తర్వాత మంటపంలోంచి బయటికి వచ్చి, గుడి వెనకవైపు తిరిగి, తెల్లగుడ్డలు కట్టుకుని తులసి కొమ్మల మీద ఇంకా పనిలోనే ఉన్నవాళ్ళకు పెట్టాను.